వరిమొక్కకి హోమియో పొట్లం

రామకోటేశ్వరరావు గారు వృక్షశాస్త్రం చెప్పి జీతం తీసుకునేవారు గానీ, ఆయన ప్రాణమంతా హోమియోపతి మీదే ఉండేది. బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో ఉన్న ఒక కాలేజీలో బోటనీ శాఖకి ఆయనే పెద్ద. క్లాసులో ఎవరైనా తుమ్మితే చాలు, పాఠం ఆగిపోయేది. "కుడి ముక్కు దిబ్బడా, ఎడమ ముక్కు దిబ్బడా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడేవారు. పటమటలో ఆయన ఇంటి వరండా ఆదివారం వస్తే తిరునాళ్లే. పామర్రు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు. ఒక్క పైసా పుచ్చుకునేవారు కాదు. కాకపోతే, తగ్గినవాళ్లు మోసుకొచ్చే గుమ్మడికాయల్నీ అరటిగెలల్నీ ఆయన భార్య పద్మావతమ్మ గారు ఏనాడూ కాదనలేదు.

అలాంటి మనిషి దగ్గర సాలేహా పీహెచ్‌డీకి చేరింది. సీనియర్లు ముందే చెప్పారు, సార్ దగ్గర జలుబు దాచుకోవాలని, తలనొప్పి అస్సలు ఒప్పుకోకూడదని. ఆ పిల్ల గట్టిది. ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన ముందు దగ్గలేదు. కానీ తన మొక్కని మాత్రం కాపాడుకోలేకపోయింది.

ఆ మొక్క సంగతి చెప్పాలి. అదొక రోగిష్టి వరిమొక్క. రేడియేషన్ పట్టించిన విత్తనాలు వేలకొద్దీ మొలకెత్తించి, వాటిలో వేళ్లు వంకరపోయిన దాన్ని ఏరి, దాని సంతతిని గాజు గొట్టాల్లో పెంచుతోంది సాలేహా. మంచి వరివేరు సన్నగా, తిన్నగా దిగుతుంది, మీద సన్నటి నూగుంటుంది. ఈ మొక్క వేరు పొట్టిగా, బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది, నూగు జాడే ఉండదు. మైక్రోస్కోపులో చూస్తే కణాలు బుడగల్లా ఉబ్బిపోయి కనిపిస్తాయి.

ఎందుకు ఉబ్బుతాయి? మొక్క కణమంటే ఒక నీటితిత్తి. దానికి ఒక ఆకారమంటూ ఉందంటే అది చుట్టూ ఉన్న గోడ చలవే. ఆ గోడ కట్టింది ఇటుకలతో కాదు, చక్కెరలతో నేసింది. ఒక్క చక్కెర సరిపోదు, రకరకాలు కావాలి. మొక్క తన దగ్గరున్న గ్లూకోజ్‌నే తిప్పి మార్చి మిగతావన్నీ చేసుకుంటుంది. ఆ మార్చే పని ఒక్కొక్కటీ ఒక్కో జన్యువు చూసుకుంటుంది. సాలేహా మొక్కలో గ్లూకోజ్‌ని గాలక్టోజ్‌గా మార్చే జన్యువు చెడిపోయింది. ఆ ఒక్క చక్కెర తక్కువపడేసరికి గోడ నేత వదులై, లోపలి నీటి ఒత్తిడికి కణం ఉబ్బిపోతోంది. ఇదీ సాలేహా వాదం.

ఆమె తండ్రి ఖాలిక్‌కి వన్‌టౌన్‌లో పరుపుల షాపు. ఒకరోజు అన్నం దగ్గర కూతురు చెప్పిందంతా శ్రద్ధగా విని, "అంటే కుట్టు వదిలినచోట దూది ఉబ్బింది, అంతేగా? నా షాపులో రోజూ ఉబ్బుతుంది. మరి నాకెన్ని డాక్టరేట్లు ఇవ్వాలమ్మా?" అన్నాడు.

వాదం బాగానే ఉంది, రుజువు కావాలి. దానికి దారి కూడా సులువే. మొక్క తనంతట తాను చేసుకోలేని గాలక్టోజ్‌ని బయటినుంచి అందిస్తే వేరు తిన్నగా సాగాలి. సాగిందా, సాలేహా గెలిచినట్టే. తీరా ఆ గాలక్టోజ్ బొంబాయి నుంచి రావాలి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా కంపెనీవాడు "బయల్దేరింది మేడమ్" అంటాడు. అది నడిచి వస్తోందో, పాకుతూ వస్తోందో ఎవరికీ తెలియదు. ఈలోగా హైదరాబాదు నుంచి డాక్టర్ బాలశౌరి గారు వస్తున్నారని కబురొచ్చింది. థీసిస్ పంపవచ్చా లేదా అని తేల్చే పెద్దమనిషి ఆయన. రుజువు లేకుండా తాను ఒప్పుకోనని ముందే చెప్పేశారు. ఆయన కాదంటే సాలేహా ఐదేళ్ల పని మళ్లీ మొదటికొస్తుంది. రెండువేల నాలుగు, దసరా ముందు మాట ఇది. ఆ పిల్లకి అన్నం సయించడం లేదు.

సరిగ్గా అప్పుడే సార్ ఒక మధ్యాహ్నం వచ్చి ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇది వాపు" అన్నారు చివరికి.

"అవును సార్, కణాలు ఉబ్బుతున్నాయి."

"అదే అంటున్నా. వాపు. మనిషికొస్తే మందివ్వమూ? దీనికెందుకివ్వకూడదు? ప్రాణం ఉన్నదేగా ఇదీనూ." జేబులోంచి పెన్ను తీశారు. "చెప్పు. దాహం ఉందా?"

సాలేహా బిత్తరపోయింది. "నీళ్లల్లోనే ఉంది కద సార్."

"నీళ్లల్లో ఉన్నంత మాత్రాన దాహం ఉంటుందని ఎక్కడుంది? ఉందా, లేదా?"

"లేదు సార్."

"వేడి?"

అక్కడ సాలేహాకి చిలిపి పుట్టింది. ఐదేళ్లు దగ్గు ఆపుకున్న మనిషి ఇంకెంతకని ఓర్చుకుంటుంది! "వేడంటే అస్సలు గిట్టదు సార్. ఏసీ వేస్తేనే ప్రాణం లేచొస్తుంది."

"ముట్టుకుంటే?"

"చిరాకు పడుతుంది సార్. ఒళ్లంతా ముడుచుకుంటుంది."

సార్ కళ్లు పెద్దవయ్యాయి. గొంతు తగ్గించి, ఎవరి పరువో పోతుందన్నట్టు అడిగారు. "అసూయ?"

"అబ్బో, ఎందుకడుగుతారు సార్! పక్క గొట్టంలో మంచి వేరు కనపడిందంటే ఇంకా ఉబ్బిపోతుంది."

"దొరికింది!" అని ఆయన బల్ల మీద కొట్టిన దెబ్బకి స్లైడు ఎగిరిపడింది. "తేనెటీగ! దాహం లేని వాపు, వేడి పడని వాపు, అసూయతో పెరిగే వాపు. తేనెటీగ నుంచి తీసిన మందొకటుంది. కుడితే వాపొస్తుందిగా, కాబట్టి వాపుకి అదే విరుగుడు!"

ఆయన వెళ్లాక సాలేహా స్టోర్‌రూమ్‌లో దూరి, కడుపు పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ ముచ్చట అక్కడితో అయిపోయిందనుకుంది, పిచ్చిపిల్ల.

రంజాన్ మొదలైన కొత్తలో మైలవరంలో వాళ్ల ఖాలాకి, అంటే పిన్నికి, కూతురు పుట్టింది. సాయానికి మనిషి కావాలంటే సాలేహా వెళ్లి, వారం దాటకుండానే తిరిగొచ్చింది. వచ్చీ రాగానే మొక్కల గదిలోకి పోయి, వేళ్లకి వెలుతురు తగలకుండా గొట్టాలకి చుట్టిన నల్లకాగితం విప్పింది.

గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

వేరు పైభాగం ఎప్పటిలాగే బుడిపెలు బుడిపెలుగా ఉంది. కింది భాగం, అంటే ఆమె ఊళ్లో లేనప్పుడు పెరిగిన భాగం, సన్నగా తిన్నగా దిగిపోయి, నిండా నూగు వేసుకుని ఉంది. ఇంకో గొట్టం విప్పింది, అదీ అంతే. విత్తనాలు కలిసిపోయాయనుకుందామంటే ఒకే వేరు మీద పైన రోగం, కింద ఆరోగ్యం. చెడిపోయిన జన్యువు వారంలో బాగుపడుతుందా? తను ఇన్నాళ్లూ చూసింది అసలు జన్యువు జబ్బే కాదా? ఆ పిల్ల అలాగే నేలమీద చతికిలబడింది.

"చూశావా!" తలుపు దగ్గర రామకోటేశ్వరరావు గారు. మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతోంది. "చేతులు స్పిరిట్‌తో కడుక్కుని, నీళ్లు మరగబెట్టి, బూజు పట్టకుండా దీపం మంట దగ్గర పెట్టి వేశానమ్మా పొట్లాలు. మూడో రోజుకే గుణం కనిపించింది. జన్యువునే సరిచేసింది నా మందు! బాలశౌరి గారి ముందు ఈ సంగతి నేనే చెబుతాను. నీ థీసిస్‌కి ఇదే ఆఖరి అధ్యాయం."

సాలేహా ఆ నల్లకాగితాన్ని మళ్లీ చుట్టబోయింది. బాలశౌరి గారి ముందు తేనెటీగ వైద్యం! ఆయన నవ్వే నవ్వుకి తన థీసిస్ ప్రకాశం బ్యారేజీ గేట్ల కిందనుంచి కొట్టుకుపోయి సముద్రంలో తేలుతుంది. పోనీ ఒద్దు సార్ అందామంటే సంతకం పెట్టవలసింది ఆయనే. పైగా ఆ అసూయా, ఆ ఏసీ కబుర్లూ చెప్పిందెవరు? తనే. తన నోటిని తనే నాలుగు తిట్టుకుంది.

బస్సులో ఇంటికెళ్తూ దారంతా ఆలోచించింది. హోమియో అంటే పంచదారేనని ఊరంతా వేళాకోళం చేస్తారు. పంచదారే అయితే అది మొదట్నుంచీ తన గొట్టాల్లో ఉన్నదే. మొక్కల తిండిలో కలిపేది దాన్నే. దాంతో వాపు ఎన్నడూ తగ్గలేదు. కాబట్టి పంచదార కాదు. పంచదార కాకపోతే మందే. మందే అయితే తను చదివిన చదువంతా కట్టగట్టి ఆ తేనెటీగ కాళ్ల దగ్గర పెట్టాలి. తన స్టాపులో దిగాల్సింది మర్చిపోయి ఇంకో రెండు స్టాపులు ముందుకి పోయింది.

మర్నాడు సాయంత్రం సార్ కాలేజీలో మీటింగులో ఉన్న సమయం చూసుకుని పటమట వెళ్లింది. పద్మావతమ్మ గారు వరండాలో చాప వేసుకుని ఆదివారానికి పొట్లాలు కడుతున్నారు. పక్కన పాత హార్లిక్స్ సీసా నిండా తెల్లటి పొడి.

"ఆంటీ, సార్ నా మొక్కలకి ఏం మందు వేశారండీ?"

ఆవిడ గేటు వైపు ఒకసారి చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వారు. "మందా! ఆ తేనెటీగ సీసా వినాయకచవితికే నిండుకుందమ్మా. మీ సారొచ్చి, పద్మా, అందులోంచి పొట్లాలు కట్టు అన్నారు. ఎవరికండీ అంటే వరిమొక్కకన్నారు. మనిషికైతే షాపుకి పరిగెత్తి తెచ్చేదాన్ని. గడ్డికేముందిలే అని ఉత్త పౌడరే కట్టిచ్చా."

"చుక్క మందు కూడా లేదా?"

"ఒట్టు. చుక్క లేదు."

సాలేహాకి నెత్తిమీంచి పెద్ద బండ దించినట్టయింది. దించిన మరుక్షణం ఇంకోటి ఎక్కింది. "మరి ఆ ఉత్త పౌడరంటే పంచదారేగా ఆంటీ?"

"ఏమోనమ్మా, ఆయన తెస్తారు, నేను కడతా. ఒకసారి ఇంట్లో పంచదార అయిపోతే మా ఆడపడుచుకి దీంతోనే టీ పెట్టా. ఎన్ని చెంచాలేసినా చప్పగానే ఉంది. నాకు టీ పెట్టడం రాదని ఆవిడ ఇప్పటికీ ఊరంతా చెబుతూ ఉంటుంది."

సాలేహా వీపు నిటారైంది. చప్పగా ఉండే చక్కెర! "ఆంటీ, నా చేతిలో కొంచెం వేయండి."

ఆవిడ చెంచాడు వేశారు. "నోట్లో వేసుకో."

"రంజాన్ కదాంటీ, రోజా ఉన్నా."

"అయ్యో నా మతి మండా! ఇంకెంతసేపు?"

"అజాన్ వినపడేదాకా."

"అంతదాకా ఎందుకు, నేను చూసి చెబుతా ఉండు." పద్మావతమ్మ గారు వేలు తడుపుకుని అద్దుకుని నాలిక మీద రాసుకున్నారు. "చప్పగా ఉంది."

"ఎలాంటి చప్పదనం ఆంటీ?"

"చప్పదనంలో రకాలుంటాయా? నీకూ మీ సారు జబ్బు అంటుకున్నట్టుందే!"

ఇంక చేసేదేముంది, సాలేహా గుప్పిట మూసుకుని వరండా మెట్టు మీద కూర్చుంది. ఆ పొద్దు ఎంతకీ గుంకదు. పక్కింటావిడ వచ్చి మోకాళ్ల నొప్పులకి మందడిగి, ఈ పిల్ల గుప్పిట్లో ఏముందని ఆరా తీసి వెళ్లింది. పద్మావతమ్మ గారు లోపలికి పోయి ఒక పళ్లెంలో అరటిపండూ గ్లాసుతో నీళ్లూ తెచ్చి పక్కన పెట్టారు. సాలేహా చేతికి చెమట పట్టి పొడి ముద్దయిపోతుందేమోనని గుప్పిట అటూ ఇటూ మార్చుకుంటూ ఉంది. చివరికి దూరంగా మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఆమె మనసులో దువా చదువుకుని, అరటిపండు జోలికి పోకుండా ఆ పొడి నోట్లో వేసుకుంది.

ఇసకలా గరగరలాడింది. ముందు ఏ రుచీ లేదు. ఆ తర్వాత, చాలా ఆలస్యంగా, నాలిక చివర లీలగా తీపి తగిలింది.

"పాల చక్కెర!" అని అరిచింది సాలేహా. "ఆంటీ, ఇది పాల చక్కెర!"

"అయితే ఏమైందే?"

ఏమైందా! పాల చక్కెరలో సగం గ్లూకోజ్, సగం గాలక్టోజ్. బొంబాయి నుంచి పాకుతూ వస్తున్న గాలక్టోజ్ పటమటలో హార్లిక్స్ సీసాలో కూర్చుని ఉంది. మొక్క ఆ చక్కెరని విరగ్గొట్టుకుని, తనకి లేని సగాన్ని తీసుకుని గోడ నేసుకుంది. జన్యువు చెడిపోయినది చెడిపోయినట్టే ఉంది. సరుకు అందింది గనక వేరు తిన్నగా సాగింది. సాలేహా వాదం ముమ్మాటికీ నిజం. ఆ పిల్ల పద్మావతమ్మ గారిని వాటేసుకుని గిరగిరా తిప్పేసింది. కట్టిన పొట్లాలన్నీ చెల్లాచెదురయ్యాయి.

ఊపిరి తీసుకుని ఆవిడ సాలేహా చెయ్యి పట్టుకున్నారు. నవ్వు మాయమైంది. "ఒక్కటే మాటమ్మా. వాటిల్లో మందు లేదని మాత్రం మీ సార్‌కి చెప్పకు. ఈ ఒక్కసారే కాదు. ఆదివారం జనం మీద పడ్డప్పుడు ఏదో ఒక సీసా అయిపోతూనే ఉంటుంది. ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని ఉత్తదే కట్టిచ్చేస్తూ ఉంటా. తెలిస్తే తట్టుకోలేరు."

"మరి వాళ్లకి తగ్గుతోందా ఆంటీ?"

"గుమ్మడికాయలు వస్తూనే ఉన్నాయిగా!"

సాలేహా మాటిచ్చింది. ఇచ్చాక గానీ తెలియలేదు, తన చేతులు తనే కట్టేసుకున్నానని. ఆ పొట్లాల సంగతి చెప్పకుండా సార్‌ని తేనెటీగ నుంచి ఎలా తప్పించడం? రాత్రంతా మంచం మీద దొర్లి, తెల్లవారుజామున సెహ్రీ తినే వేళకి ఒక ఉపాయం పట్టింది.

"సార్, బాలశౌరి గారు ఊరికే నమ్మే మనిషి కాదండీ" అంది, ఆయన గదిలో వినయంగా నిలబడి. "మందు మహిమేనని తేలాలంటే పక్కపక్కన పెట్టి చూపించాలి కద సార్. కొన్ని గొట్టాల్లో మందు చుక్కలు మాత్రమే, పౌడర్ లేకుండా. కొన్నిట్లో మందు లేని ఉత్త పౌడరు. కొన్నిట్లో రెండూ. ఇంకొన్ని ఏమీ వేయకుండా వదిలేద్దాం."

"ఉత్త పౌడరెందుకు, దండగ" అన్నారు గానీ ఆయనకి ఆలోచన నచ్చింది. తను గెలుస్తానని అంత ధీమా. మందు కొత్త సీసా తనే వెళ్లి తెచ్చారు. చుక్కలు తనే లెక్కపెట్టి వేశారు. అన్నిటికీ నల్లకాగితం చుట్టించి గదికి తాళం వేసి తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు. "ముందే తొంగి చూస్తే శాస్త్రం కాదమ్మా. నువ్వూ చూడకు, నేనూ చూడను. బాలశౌరి గారి ముందే విప్పుదాం."

"సార్, ఒకవేళ ఉత్త పౌడరుతో కూడా తగ్గితే?"

"తగ్గదు."

"ఒకవేళ సార్..."

"తగ్గదంటున్నానా!"

ఆ ధీమా చూసి సాలేహా తల వంచుకుని బయటికొచ్చేసింది. తన థీసిస్ నిలబడాలంటే అందరి ముందూ ఈ మనిషి కూలబడాలి. ఆయన నిలబడాలంటే తన థీసిస్ మునగాలి. ఆయన మొండివాడే, చాదస్తుడే. కానీ ఐదేళ్లలో ఒక్కరోజు కూడా తనని నువ్వు చేయలేవు అనని మనిషి ఆయనొక్కడే. పండగనాడు ఖాలిక్ ఇంట్లో అందరూ షీర్‌ఖుర్మా మీద పడి తింటుంటే, సాలేహా చెంచా తిప్పుతూ కూర్చుంది.

పండగ వెళ్లిన వారంలో బాలశౌరి గారు దిగారు. రైల్లో ఏసీ సరిపడక గొంతు పట్టేసి, మాటకో దగ్గు దగ్గుతున్నారు. సెమినార్ హాలు నిండింది. అతిథికి బయటి తిండి పెట్టకూడదని పద్మావతమ్మ గారు పెద్ద గిన్నెడు పులిహోరతో వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు.

ముందు రామకోటేశ్వరరావు గారే లేచారు. రోగి లక్షణాలు వరసగా చదివారు. దాహం లేదు, వేడి పడదు, ముట్టుకుంటే చిరాకు. "ఇక మానసిక లక్షణాలు. అసూయ. పక్క గొట్టంలో మంచి వేరు కనిపిస్తే వాపు ఎక్కువవుతుంది."

"ఎవరు చెప్పారండీ, మొక్కా?" అన్నారు బాలశౌరి గారు దగ్గుల మధ్య.

"కాదండీ. మా సాలేహా."

హాలంతా ఘొల్లుమంది. సాలేహాకి భూమి రెండుగా చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. బెంజ్ సర్కిల్ భూమి అంత తేలిగ్గా చీలేది కాదు.

తర్వాత గొట్టాలొచ్చాయి. ఏమీ వేయనివి ముందు విప్పారు. బుడిపెలే. అందరూ అనుకున్నదే అది. రెండోది మందు చుక్కలు వేసింది. సార్ ఆ నల్లకాగితం చాలా మెల్లగా, కానుక విప్పుతున్నట్టు విప్పి, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. బుడిపెలు, పైనుంచి కిందిదాకా. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. ఇంకోటి విప్పారు. అదీ అంతే. చివరి బెంచీల్లో ఎవరో కిచకిచ నవ్వారు.

ఉత్త పౌడరు వేసిన గొట్టం విప్పారు. వేరు తిన్నగా, తళతళలాడుతూ, నూగు నిండి అడుగుదాకా దిగి ఉంది. రెండూ కలిపినది కూడా అచ్చం అలాగే ఉంది. సార్ దాన్ని దించి, మందు చుక్కల గొట్టాన్నే మళ్లీ వెలుతురుకి ఎత్తారు.

సాలేహాకి గెలిచానన్న మాటే గుర్తు రాలేదు. ఆయన మొహం చూడలేకపోయింది. చప్పున లేచింది. "సార్, బహుశా మందు డోసు తక్కువైందేమో. గొట్టం గాజుకి అంటుకుపోయి ఉండొచ్చు. ఇది ఖాయంగా చెప్పలేం సార్, మళ్లీ ఒకసారి..."

"కూర్చో" అన్నారు సార్.

"కాదు సార్..."

"కూర్చోమన్నానా! డోసూ లేదు, గాజూ లేదు. నా మొహం చూసి నీ ఐదేళ్ల పని పాడుచేసుకుంటావా? ఇదా నేను నీకు నేర్పింది?" ఆయన గొట్టాలు స్టాండులో పెట్టి, బాలశౌరి గారి వైపు తిరిగి, క్లాసులో నోట్సు చెప్పే గొంతుతో మొదలుపెట్టారు. "రాసుకోండి. మందు మాత్రమే వేసిన మొక్కకి ఏ గుణమూ కనపడలేదు. పౌడరు వేసిన మొక్కకి, అందులో మందు ఉన్నా లేకపోయినా, వేరు సాఫీగా సాగింది. ఆ పౌడరు పాల చక్కెర. అందులో సగం గాలక్టోజ్. ఈ మొక్క చేసుకోలేనిది అదే. ఈ అమ్మాయి మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే. ఆ పౌడరు పాల చక్కెరని నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. మందు మీద మమకారం కొద్దీ కళ్లెదుట ఉన్నది కనపడలేదు. ఈ పరిశోధన ఆమెది, ఇందులో తప్పు మాత్రం నాది. రాసుకున్నారా?"

సాలేహా రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చేసింది. సిగ్గుతోనో సంతోషంతోనో ఆమెకే తెలియలేదు.

బాలశౌరి గారు లేచి, ప్రతి గొట్టాన్నీ మైక్రోస్కోపు కింద పెట్టించుకుని, చూసిన దాన్నే మళ్లీ చూశారు. "థీసిస్ పంపించేయండి" అన్నారు. "అసలు గాలక్టోజ్ వచ్చాక దాంతో కూడా ఒకసారి చేసి, ఆ ఫోటో..." అంటూ దగ్గు తెరలో పడిపోయారు. వంగిపోయి దగ్గారు. నీళ్లు తాగి మళ్లీ దగ్గారు.

రామకోటేశ్వరరావు గారి చెయ్యి తనంతట తనే చొక్కా జేబులోకి వెళ్లింది. "పొడి దగ్గా, కఫమా? పడుకుంటే ఎక్కువా, కూర్చుంటే ఎక్కువా?"

బాలశౌరి గారు కళ్లనీళ్లు తుడుచుకున్నారు. "రావుగారూ, మందు పనిచేయదని ఇప్పుడే కదండీ మీ నోటితో మీరే రాయించారు!"

"మొక్కలకి" అన్నారు సార్, పొట్లం విప్పుతూ. "మీరు మొక్క కాదుగా. నోరు తెరవండి."

అంతమంది ముందు కాదనలేక ఆయన నోరు తెరిచారు. సాలేహా గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. పద్మావతమ్మ గారు పులిహోర గిన్నె మీద మూత తీస్తూ ఆమె వైపు చూసి, గట్టిగా కళ్లు మూసుకుని, లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఆ పొట్లంలోనూ చుక్క లేదు.

బాలశౌరి గారు రెండుసార్లు పులిహోర పెట్టించుకుని, అందరితో గంటసేపు కబుర్లు చెప్పి, స్టేషనుకి కారెక్కారు. అంతసేపట్లోనూ ఆయన ఒక్క దగ్గు దగ్గలేదు. సార్ గేటు దగ్గర నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చెవులు రిక్కించి విని, "చూశావా సాలేహా!" అన్నారు. ఆ సంగతి తన థీసిస్‌లోకి రాదు గనక సాలేహా నోరు మూసుకుని, "చూశాను సార్" అంది.